పంతొమ్మిదేళ్ల మాత్ర, అరవయ్యో ఏట ఆటిజం

మొదటిసారి మాత్ర వేసుకున్నది 2005లో. ఎస్సిటాలోప్రామ్ అనే డిప్రెషన్ మందు, 10 మిల్లీగ్రాములు. నాకప్పుడు 41 ఏళ్లు. బ్యాంకు నుంచి రాగానే చీరైనా మార్చుకోకుండా లైటు ఆర్పేసి, గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. ఎవరు పలకరించినా నోరు తెరవబుద్ధయ్యేది కాదు. డాక్టరుగారు పది నిమిషాలు విని డిప్రెషన్ అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. ఏడుపొస్తోంది, నిద్ర పట్టడం లేదు, మనుషులంటే విసుగ్గా ఉంది అన్నాను, అంతే. ఆ విసుగు ఎక్కణ్నుంచి వస్తోందో నాకే తెలీదు.

మాత్రతో ఏడుపు తగ్గింది, నిద్ర పట్టింది. అలసట మాత్రం పోలేదు. కౌంటర్ దగ్గర గోల, ఆగకుండా మోగే ఫోన్లు, నెత్తిమీద ట్యూబులైటు చేసే జుయ్‌మనే చప్పుడు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఎప్పుడు నవ్వాలో, ఎంతసేపు కళ్లలోకి చూడాలో లోపల లెక్కపెట్టుకుంటూ ఉండేదాన్ని. అందరూ ఇలాగే చేస్తారనుకున్నాను. కొన్నేళ్లకి డోసు 20 అయింది.

2024లో రిటైరయ్యాను. మూడు నెలలు తిరక్కుండానే సాయంత్రాలు లైటు ఆర్పుకుని పడుకోవడం దానంతటదే ఆగిపోయింది. మందు అదే, మనిషీ నేనే. ఇదేమిటని ఆశ్చర్యపోతుండగానే, నాలుగేళ్ల మనవడికి ఆటిజం అని తేలింది. చప్పుళ్లు, కళ్లలోకి చూడటం, మనుషులతో కలవడం గురించి వాడి కోసం ఇచ్చిన ప్రశ్నల కాగితాలు నింపుతూ మా అమ్మాయి పెన్ను ఆపి నావైపు చూసింది. "అమ్మా, ఇవి వీడి గురించా, నీ గురించా?"

ఇలాంటి పరీక్ష పెద్దవాళ్లకి చేసేవాళ్లు తక్కువ. వెతగ్గా వెతగ్గా హైదరాబాద్‌లో ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దొరికారు. మూడుసార్లు కూర్చోబెట్టి మాట్లాడారు. ఆటిజం మధ్యలో వచ్చేది కాదు, చిన్నప్పటి నుంచీ ఉండాలి. అందుకని చిన్నతనంలో నన్ను చూసినవాళ్లు కావాలన్నారు. అమ్మ లేదు. ఏలూరు నుంచి అక్క వచ్చింది.

"ఇది చింతపిక్కలాట ఆడేది కాదమ్మా. చిన్నవీ పెద్దవీ వరసగా పేర్చుకుంటూ కూచునేది. ఒక్కటి జరిపామా, ఇల్లెగిరిపోయేలా ఏడ్చేది" అంది. పండగపూట పట్టులంగా గుచ్చుకుంటోందని విప్పి పారేశానట. రైళ్ల టైములు పొల్లుపోకుండా చెప్పేదాన్నట. చుట్టాలొస్తే గాదె వెనక దూరేదాన్నట. "మొండిదనుకున్నాం. అమ్మ రెండు దెబ్బలు కూడా వేసేది" అని ఆగిపోయింది. "గాదె వెనకనుంచి బయటికి లాక్కొచ్చేది నేనేనమ్మా" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు ఆమె ముఖం చూడటం చాతకాలేదు. చెయ్యి పట్టుకున్నాను.

రిపోర్టులో ఆటిజం స్పెక్ట్రమ్ అని రాశారు. మాటలు వేళకే వచ్చి, మార్కులు బాగా తెచ్చుకున్న నాలాంటి పిల్లల మీద ఆ రోజుల్లో ఎవరికి అనుమానం వస్తుంది? అలాంటివాళ్లకి తర్వాత్తర్వాత ఆస్పర్జర్ అని వేరే పేరుండేది. 2013లో దాన్నీ ఆటిజంలోనే కలిపేశారట.

మరి ఇన్నేళ్లూ మింగిన మాత్రల సంగతేమిటి? ఆ ప్రశ్న పట్టుకుని కొత్త సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆటిజం లక్షణాలకి డిప్రెషన్ మందు పనిచేయదు, విడిగా డిప్రెషన్ ఉంటే దానికి పనిచేస్తుంది అన్నారావిడ. బ్రిటన్‌లో డాక్టర్లు పాటించే నైస్ మార్గదర్శకాలు కూడా 2012 నుంచీ ఇదే చెబుతున్నాయి. నాకు మొదట్లో రెండూ ఉండి ఉండొచ్చు.

2016లో ఒకసారి నా అంతట నేనే మాత్రలు ఒక్కసారిగా మానేశానని చెప్పాను. కళ్లు తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టు జిల్లుమనడం, భయంకరమైన కలలు. జబ్బు తిరగబెట్టిందని ఇంట్లోవాళ్లం అందరం హడలిపోయి మళ్లీ మొదలుపెట్టాం. "ఎన్నో రోజుకి మొదలైంది?" అని అడిగారు డాక్టరు. నాలుగో రోజుకి. డిప్రెషన్ తిరగబెడితే మామూలుగా వారాలు, నెలలు పడుతుంది, తలలో ఈ షాకులు దాని లక్షణం కాదు, మందు హఠాత్తుగా ఆపడం వల్ల వచ్చినవి అన్నారు. ఎనిమిదేళ్లు ఆ భయంతోనే మాత్ర మింగాను. ఈ ఒక్క ప్రశ్న అప్పుడే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. దయచేసి మీరెవరూ నాలాగా సొంతంగా ఆపకండి.

ఈసారి డాక్టరు చూస్తుండగా మందు తగ్గించాలనుకున్నాం. ముందు రక్తంలో సోడియం చూశారు. పెద్ద వయసులో ఈ మందులు దాన్ని తగ్గించగలవట. నాది బాగానే ఉంది. తర్వాత 20 నుంచి 15, కొన్ని వారాలు ఆగి 10. ఇక్కడిదాకా పెద్ద కష్టం లేదు. ఇకమీద మరీ మెల్లగా వెళ్లాలన్నారు. ఎక్కువ డోసులో 5 మిల్లీగ్రాములు తగ్గిస్తే మెదడుకి పెద్దగా తెలీదు, చివరి 5 తీసేస్తే మందు పట్టు చాలా భాగం పోతుంది. 10 నుంచి ఏడున్నరకి వచ్చినప్పుడు వారం పాటు ఊరికే కోపం, చీటికీ మాటికీ కన్నీళ్లు. రోజూ డైరీలో రాసి పంపాను. రెండు నెలలు అక్కడే ఆగాం.

ఇప్పుడు 5 దగ్గర ఉన్నాను. పూర్తిగా మానేస్తానో లేదో తెలీదు, పంతమేమీ లేదు. చాలా ఏళ్ల తర్వాత పాట వింటే ఒళ్లు పులకరిస్తోంది. దుఃఖం కూడా పదునుగానే తగులుతోంది.

మొన్న అక్క మనవరాలి పెళ్లి. చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని వెళ్లాను. మేళం ఊపందుకుంటుండగా అక్క జనాన్ని తప్పించుకుంటూ వచ్చి నా చేతిలో పైగది తాళం పెట్టింది. "వెళ్లి పడుకోవే. తలంబ్రాలప్పుడు ఫోన్ చేస్తా" అంది. చేసింది. దిగి వెళ్లాను.