నూటికి ఎంత?

లెక్కల టీచరుగా పదవీ విరమణ చేసిన ఏడాది, మా వీధి పొదుపు సంఘం ఆడవాళ్లు వచ్చి "శాతాలు నేర్పండి టీచరమ్మా, మా పుస్తకాలు మేమే చూసుకుంటాం" అన్నారు. వారానికి రెండు రోజులు, రాత్రి వంటలయ్యాక, బడి వరండాలో మొదలుపెట్టాం.

మొదటి రోజు బోర్డు మీద సూత్రం రాశాను. అందరూ శ్రద్ధగా ఎక్కించుకున్నారు. 800లో 15 శాతం ఎంత అని అడిగితే ఒక్కరూ నోరు మెదపలేదు. రెండో రోజూ అంతే. కూడికలు, తీసివేతల నుంచి మొదలుపెట్టాలేమో అనుకున్నాను.

మూడో రోజు నేను వెళ్లేసరికి ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. "మా ఆడపడుచు 40 వేలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంది వదినా, ఏడు నెలలైంది" అని ఒకామె అంటే, రెండో ఆమె పూలు కడుతూనే, తల ఎత్తకుండా, "నెలకు ఎనిమిది వందలు. 5,600 అయిందన్నమాట" అంది. కాగితం లేదు, కలం లేదు. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు రూపాయలు. శతం అంటే నూరే కదా! వాళ్లు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి వేస్తున్న లెక్కకు నేను కొత్త పేరు పెట్టి భయపెట్టాను. బోర్డు మీద 'శాతం' చెరిపేసి 'నూటికి' అని రాశాను. 800లో ఎన్ని నూర్లు? ఎనిమిది. నూటికి పదిహేను చొప్పున? నూట ఇరవై అని నలుగురు ఒక్కసారే అన్నారు.

నెల వడ్డీని ఏడాదికి మార్చడం తేలిగ్గానే వచ్చింది. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, పావలా వడ్డీ అంటే 3 శాతం.

అసలు చిక్కు 'దేనిలో నూటికి?' అన్న దగ్గర వచ్చింది. చీరల వ్యాపారం చేసే ఆమె, ధర నూటికి ఇరవై పెంచి, బేరం వచ్చాక నూటికి ఇరవై తగ్గిస్తే మొదటి ధరే వస్తుందని గట్టిగా నమ్మింది. వాదించలేదు. మర్నాడు చింతగింజలు తెచ్చాను. చాప మీద పదేసి చొప్పున పది వరుసలు పేర్చాం. ఇంకో ఇరవై కలిపితే 120. ఇప్పుడు నూటికి ఇరవై తీయాలి. ఆమె ముందు వందకు ఇరవై తీసి ఆగింది. మిగిలిన ఇరవై గింజల వంక చాలాసేపు చూసింది. "వీటిలో కూడా తీయాలి కదా" అని తనే నాలుగు తీసి పక్కన పెట్టింది. చాప మీద 96. "ఇన్నాళ్లూ వంద రూపాయల అసలు మీద నాలుగు రూపాయలు పోగొట్టుకున్నానా?" అంది. ఆ నాలుగు గింజలు కొంగున ముడి వేసుకుని వెళ్లింది. పెద్దవాళ్లకు లెక్క చెప్పేటప్పుడు చేతికి తగిలే వస్తువు ఉండాలని ఆ రాత్రి నాకు బాగా తెలిసింది.

తర్వాతి వారం కూరగాయల బండి ఆమె తన రోజువారీ ఫైనాన్స్ అప్పు చెప్పింది. పదివేల అప్పని రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని, 9 వేలు చేతికిచ్చారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. "నూటికి పదే కదమ్మా" అంది. దేనిలో నూటికి అని అడిగాను. వరండా అంతా లెక్కలో పడింది. చేతికొచ్చింది 9 వేలు కాబట్టి నూటికి పదకొండు దాటింది. అదీ ఏడాదికి కాదు, మూడు నెలల పది రోజులకు. పైగా మొదటి రోజు నుంచే తిరిగి కడుతోంది కనుక, సగటున ఆమె దగ్గర ఉన్నది అందులో సుమారు సగమే. ఆ సగం మీద చూస్తే నూటికి ఇరవై రెండు. ఏడాదికి లెక్కిస్తే 80 శాతం!

ఎవరూ మాట్లాడలేదు. పూలు కట్టే ఆమె, "అదే 9 వేలు మన సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకుని, నెలకు మూడువేల అసలు కడితే?" అంది. కూరగాయల ఆమె నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది. మొదటి నెల 9 వేల మీద 90. రెండో నెల ఆరు వేల మీద 60. మూడో నెల మూడు వేల మీద 30. కింద గీత గీసి, 180 అని రాసి, పక్కనే 1,000 వేసింది. ఆ రెండు అంకెలను చెరపనివ్వలేదు. మరుసటి సమావేశంలో సంఘం అప్పుల పుస్తకంలో తన దరఖాస్తు తనే రాసుకుంది.