రెండు బ్రెజిల్ గింజలు, పది రోజుల టెన్షన్

మా ఆడపడుచు డల్లాస్ నుంచి వస్తూ బ్రెజిల్ నట్స్ ప్యాకెట్ తెచ్చింది. "వీటిలో సెలీనియం అనే ఖనిజం బాగా ఉంటుంది వదినా, మంచి యాంటీఆక్సిడెంట్. బాబుకి రోజూ పెట్టు" అంది. ఆరేళ్ల మావాడికి నెల తిరిగేసరికి జలుబు. ఇంకేం, పొద్దున్నే రెండు గింజలు, ఆపైన ఒక మల్టీవిటమిన్ గమ్మీ.

పదో రోజు గమ్మీ డబ్బా వెనకాల చీమతలకాయంత అక్షరాలు చదివితే, అందులోనూ సెలీనియం ఉంది! అప్పుడు కూర్చుని లెక్కేశాను. అమెరికా ప్రమాణాల ప్రకారం 4–8 ఏళ్ల పిల్లలకి రోజుకు కావలసింది 30 మైక్రోగ్రాములు. 150 దాటకూడదు. ఒక్కో బ్రెజిల్ గింజలోనే 70 నుంచి 90 దాకా ఉండొచ్చట. పిల్లాడి నోట్లో నేనేం వేస్తున్నానో అప్పటికిగానీ తెలియలేదు.

సాయంత్రమే పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం. "జుట్టు ఊడుతోందా? గోళ్లు పెళుసుగా విరుగుతున్నాయా? నోట్లో వెల్లుల్లి వాసన వస్తోందా?" అని అడిగింది. నాకు గుండె ఆగినంత పనైంది. వాసన వస్తోంది మరి! వాడేమో తాపీగా, "మధ్యాహ్నం నానమ్మ వెల్లుల్లి కారం కలిపి పెట్టింది" అన్నాడు. డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

గోళ్లు, జుట్టు చూసి, గింజలూ గమ్మీలూ ఆపేస్తే చాలు, రక్తపరీక్ష అక్కర్లేదంది. శరీరంలో గ్లూటాథియోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైము తయారవడానికి సెలీనియం కావాలి. కణాలను దెబ్బతీసే పెరాక్సైడ్లను విరగ్గొట్టేది ఆ ఎంజైమే. అయితే దానికి సరిపడా అందాక ఇంకా పోస్తే అది ఇంకా ఎక్కువ పనిచేయదు, చెడు మాత్రం మొదలవుతుంది. అలాగని లోపం చిన్న విషయమేమీ కాదు. చైనాలో సెలీనియం తక్కువున్న నేలల ప్రాంతాల్లో పిల్లలకి గుండె కండరం దెబ్బతినే కెషాన్ జబ్బు వచ్చేది. మావాడికి ఆ భయం లేదు. ఒక కోడిగుడ్డులోనే 15 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది, చేపలు, చికెన్ ఎలాగూ తింటాడు.

ఇక జలుబు సంగతా? "కొత్తగా బడికి వెళ్లే పిల్లలకి మామూలేనమ్మా" అంది.

మిగిలిన ప్యాకెట్ పై అరలో పెట్టాను. మావారూ నేనూ వారానికి రెండు గింజలు తింటున్నాం. ఆడపడుచుకి ఫోన్ చేసి చెబితే, "అయ్యో వదినా, మా ఇంట్లో పిల్లలు గుప్పెళ్లతో తింటారే!" అంది. ఆ రాత్రి తనకి నిద్రపట్టినట్టు లేదు. తెల్లవారేసరికి ఆరు మెసేజ్‌లు.