కారైకుడి: పాత ఇళ్ళ సామాన్ల వీధిలో

కొత్త ఫ్లాట్ కోసం ఇంటీరియర్ డిజైనర్ కంప్యూటర్‌లో ఒక అద్దం చూపించాడు. చుట్టూ చెక్క ఫ్రేము, యాంటిక్ ఫినిష్ అట. అంటే కొత్త చెక్కకే గీతలు పెట్టి, రంగు మాయించి, పాతదని నమ్మించేలా చేస్తారన్నమాట. ధర వినగానే పిన్ని ఫోన్లోనే నవ్వేసింది. "ఆ డబ్బు పెడితే అసలు పాతదే వస్తుందే. చెన్నై వచ్చెయ్యి, కారైకుడి పోదాం" అంది. పిన్ని చెన్నైలో కాపురం పెట్టి ఏళ్ళు గడిచాయి. తమిళంలో బేరమాడగలదు, అవసరమైతే పోట్లాడగలదు కూడా.

ఎగ్మూరులో మధ్యాహ్నం పల్లవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తిరుచ్చి, పుదుక్కోట్టై మీదుగా వెళ్ళి రాత్రి బాగా పొద్దుపోయాక కారైకుడిలో దింపింది. పిన్ని తెచ్చిన పులిహోర తప్ప ప్రయాణంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

పొద్దున్నే టిఫిన్ తిని మునీశ్వరన్ కోయిల్ వీధికి వెళ్ళాం. కారైకుడిలో పాతసామాన్లకి పేరుపడ్డ వీధి ఇది. బయట నించుని చూస్తే ఏమీ తెలీదు. లోపలికి అడుగుపెడితే గది వెనక గది, దాని వెనక రేకుల షెడ్డు, ఆ వెనక పెరడు, అన్నింట్లోనూ నేల నుంచి కప్పు దాకా సామానే. ఎనామిల్ గిన్నెలు, బెల్జియం అద్దాలు, ఊరగాయ జాడీలు, పింగాణీ స్విచ్చులు, పిడికెడంత తాళం కప్పలు, వామనగుంటల పీటలు, మనిషి పట్టేంత భోషాణాలు, రంగం, అంటే బర్మా నుంచి వచ్చిన లక్క పెట్టెలు. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్ పటాలు ఒక గోడ నిండా ఉన్నాయి. అందులో కొన్నింట లక్ష్మీదేవి చీర మీద ఎవరో ఇల్లాలు ఓపిగ్గా నిజం గుడ్డ అతికి, జరీ, చమ్కీలు కుట్టింది. దుమ్ము మాత్రం భయంకరం. వెళ్ళేవాళ్ళు మాస్కు పట్టుకెళ్ళండి. పిన్ని తుమ్ములతో మా బేరాలు సగం పాడయ్యాయి.

ఇంత సామాను ఒక్క ఊళ్ళోకి ఎలా వచ్చిందంటే, దీని వెనక పెద్ద కథే ఉంది. శివగంగ, పుదుక్కోట్టై జిల్లాల్లో డెబ్బై పైచిలుకు ఊళ్ళని కలిపి చెట్టినాడు అంటారు. ఇక్కడి నాట్టుకోట్టై చెట్టియార్లు వడ్డీ వ్యాపారం మీద సిలోన్, మలయా, బర్మా వెళ్ళారు. మన కోస్తావాళ్ళు కూలికీ, మిల్లు పనికీ రంగం ఓడెక్కితే, వీళ్ళు అప్పులివ్వడానికి ఎక్కారు. సంపాదించింది తెచ్చి సొంతూళ్ళో ఇళ్ళ మీద పోశారు. స్తంభాలకి బర్మా టేకు, నేలకి ఇటలీ పాలరాయి. గోడలకి సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన, బెల్లం, కరక్కాయ కలిపి పూసిన పూత. కారైకుడి దగ్గరి కానాడుకాత్తాన్‌లో ఒక పాత ఇంటికి టికెట్ కొనుక్కుని వెళ్ళి ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూశాను, గాజులా జారింది. వీధి అరుగు నుంచి చూస్తే వాకిలి వెనక వాకిలి కనిపిస్తూ, ఇల్లు ఈ వీధిలో మొదలై వెనక వీధిలో తేలుతుంది. నడుమ మన మండువా లోగిలి లాంటి ఖాళీ, చుట్టూ గదులు. ఆ గదులు మనుషులకన్నా సామానుకే ఎక్కువ వాడేవారట.

ఈ ఇళ్ళని చూసి అబ్బా అనుకోవడం తేలిక. కానీ ఆ డబ్బు ఎక్కడిదో కూడా గుర్తుపెట్టుకోవాలి. 1930 తర్వాతి మాంద్యంలో ధాన్యం ధర పడిపోయి బర్మా రైతులు అప్పులు తీర్చలేకపోయారు. దిగువ బర్మాలోని ముఖ్యమైన వరి జిల్లాల్లో చెట్టియార్ల చేతిలో ఉన్న సాగుభూమి 1930లో 6 శాతం. 1938 నాటికి అది 25 శాతానికి చేరింది. అక్కడి రైతులు ఊరుకుంటారా? 1942లో జపాన్ సైన్యం వచ్చింది. 1948లో స్వతంత్ర బర్మా భూముల జాతీయకరణ మొదలుపెట్టింది, 1962లో సైనిక ప్రభుత్వం మిగిలింది ఊడ్చేసింది. అక్కడి ఆస్తి పోయింది, ఇక్కడ ఇళ్ళు మిగిలాయి. ఇప్పుడు ఒక్కో ఇంటికి డజన్ల కొద్దీ వాటాదార్లు. ఒకరు సింగపూర్లో, ఒకరు చెన్నైలో, ఒకరు అమెరికాలో ఉంటారు. కారే కప్పుకి డబ్బు ఎవరు పెట్టాలో తేలదు. చివరికి పడగొట్టి, స్తంభాలూ తలుపులూ గిన్నెలూ విడివిడిగా అమ్ముకోవడం మీదే అందరికీ ఏకాభిప్రాయం కుదురుతుంది. 2014లో చెట్టినాడు ఊళ్ళు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి గానీ, పడగొట్టే ఇంటిని జాబితా ఆపదు కదా.

గిన్నెల సంగతి వేరు. ఆడపిల్ల సారె కోసం ఏళ్ళ తరబడి కొని దాచేవారు, అదీ ఒకటీ రెండూ కాదు. అందుకే ఒకే కొలత ఎనామిల్ గిన్నెలు దొంతర్లు దొంతర్లుగా దొరుకుతాయి. కొన్నింటి అడుగున స్వీడన్ ముద్ర, కొన్నింటికి జపాన్ ముద్ర. ఎన్నడూ పొయ్యి ఎక్కని గిన్నెలు బోలెడు. ఇత్తడి సామాను మీద మాత్రం ఇంటివాళ్ళ పొడి అక్షరాలు వరసగా చెక్కి ఉంటాయి, వాళ్ళలో ఇంటికో వరస. మన ఇళ్ళల్లో బిందెల మీద పేర్లు చెక్కించినట్టే. ధాన్యం కొలిచే ఇత్తడి పడి ఒకటి పిన్ని చేతిలోకి తీసుకుంది. మన మానికకి తమిళ చుట్టం. కొట్టతను పాలిష్ పెట్టి అక్షరాలు పోగొట్టిస్తానన్నాడు, కొనేవాళ్ళు అలాగే అడుగుతారట. "అక్షరాలుంటేనే తీసుకుంటా, పోగొడితే నాకొద్దు" అని పిన్ని తమిళంలో గట్టిగా చెప్పింది.

పెరట్లో తలుపులు, ద్వారబంధాలు వానకి తడుస్తూ గోడకి ఆనించి ఉన్నాయి. ఒక ద్వారబంధం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. గజలక్ష్మిని చెక్కిన పై కమ్మి, దానికి తోరణాలు కట్టడానికి కొట్టిన మేకుల బెజ్జాలు, ఒకదాని పక్కన ఒకటి, ఎన్ని పండగలవో. కింద గడప అంచున, చెక్కుడు గీతల్లోపల, పసుపు ఇంకా ఉంది. గోరుతో గీకితే పొడి రాలింది. దాన్ని బెంగుళూరు నుంచి ఎవరో బుక్ చేసుకున్నారట, అడ్డంగా తిప్పి హాల్లో పెద్ద అద్దం బిగిస్తారట. "గడపని నిలబెడతారా?" అంది పిన్ని. ఆవిడకి అది మింగుడు పడలేదు.

నాకూ పడలేదు, అయితే నా కారణం వేరు. కోనసీమలో మా తాతగారి మండువా ఇల్లు పడగొట్టినప్పుడు దూలాలూ తలుపులూ లారీలో పాతకలప కొట్టుకి వెళ్ళాయి. అవి రంపం కిందికి పోయి ఎవరి సోఫాలో కలిశాయో తెలీదు. ఆ లెక్కన అద్దమైనా నయమే, చెక్క చెక్కగా బతుకుతుంది. కోసేయడం మాత్రం నేను ఒప్పుకోను. చెక్కుడు తలుపు మధ్యకి కోసి రెండు కాఫీ టేబుళ్ళు చేసి అమ్మడం అక్కడే చూశాను. ఉయ్యాల బల్లకి కాళ్ళు తగిలించి టేబుల్ చేస్తే ఫరవాలేదు, గొలుసులు దాచుకుంటే రేపు మళ్ళీ ఉయ్యాల అవుతుంది. స్తంభం నరికి దీపపు స్టాండు చేస్తే అది ఇంక దేనికీ పనికిరాదు. వెనక్కి తిప్పుకోగలిగే పనే చెయ్యాలని నాకు నేను పెట్టుకున్న షరతు. స్తంభాల జోలికి అసలు వెళ్ళలేదు. మంచి ధరకి స్తంభాలు అమ్ముడుపోతుంటే, నిలబడ్డ ఇంకో ఇల్లు పడగొట్టడానికి వాటాదార్లకి అదే కారణం కావచ్చు.

మేం అద్దం కోసం తీసుకున్నది జత పోయిన ఒంటి కిటికీ రెక్క చట్రం. కమ్మీలు అప్పటికే ఊడిపోయాయి. టేకేనా అని తెలుసుకోవడానికి పిన్ని దాన్ని ఎత్తి బరువు చూసింది, వెనక వైపు తిప్పించి సన్నటి పొడి రాలుతోందేమో చూసింది. పొడి రాలితే పురుగు ఇంకా లోపలుందని లెక్క, ఎంత చవకైనా ఇంటికి తేకూడదు. పాతదా, పాతదిలా చేసిందా అని చూడ్డానికి ఇంకో కిటుకు కూడా చెప్పింది. చెయ్యి తగిలే చోటే అరుగుదల ఉండాలట. గొళ్ళెం దగ్గరా, మూలల్లోనూ ఒకేలా అరిగిందంటే అది సాండ్‌పేపర్ పని.

హైదరాబాద్ వచ్చాక సబ్బునీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, అవిసె నూనె పట్టించాం. నూనె తుడిచిన గుడ్డని ఉండ చేసి మూల పడెయ్యకండి, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. విప్పి ఆరేసి, తర్వాతే పారెయ్యాలి. అద్దాన్ని వెనక నుంచి బద్దీలతో, స్క్రూలతో బిగించమంటే వడ్రంగి జిగురు పెడితే అయిపోతుంది కదా మేడమ్ అన్నాడు. ససేమిరా ఒప్పుకోలేదు.

మిగతావన్నీ చిన్న సామాన్లు. ఎనామిల్ కూజాలో ఒక గాజు గ్లాసు దించి పువ్వులు పెడుతున్నాం. ఎనామిల్ ఎగిరిపోయి ఇనుము బయటపడ్డ గిన్నెల్లో తిండి పెట్టకూడదు, బెజ్జం వేసి మొక్క నాటుదామంటే ఉన్న ఎనామిల్ కూడా పెచ్చులుగా లేస్తుంది. లోపల ఇంకో కుండీ పెట్టడమే మేలు. వామనగుంటల పీటని చెవిదిద్దులు వేసుకోవడానికని కొన్నాను. పిల్లలు చింతగింజలు తెచ్చి ఆక్రమించేశారు, దిద్దులు మళ్ళీ సొరుగులోకి వెళ్ళాయి.

ఆటోలో ఆత్తంగుడి కూడా వెళ్ళొచ్చాం. పాత ఇళ్ళ నేలల్లో మెరిసే రంగుల టైల్స్ పుట్టిల్లు ఆ ఊరే. బట్టీ ఉండదు, మంట ఉండదు. గాజు పలక మీద రేకుతో చేసిన అచ్చు పెట్టి, గళ్ళల్లో రంగు కలిపిన సిమెంటు ముద్దని చిన్న గరిటెతో పోస్తారు. అచ్చు తియ్యగానే రంగులు ఒకదాన్నొకటి తాకి ఆగుతాయి. దాని మీద పొడి సిమెంటు, ఇసుక జల్లి, తడి మిశ్రమం నింపి చదును చేస్తారు. నీళ్ళ తొట్టిలో నానబెట్టి తీసేసరికి గాజు విడిపోతుంది, గాజు నునుపు టైలుకి వస్తుంది. పోసే కుర్రాడు మాతో మాట్లాడుతూనే పోశాడు, గీత దాటలేదు. పడగొట్టిన ఇళ్ళ నుంచి పాత టైల్స్ పగలకుండా ఊడిరావడం కష్టం. అందుకే ముక్కలే ఎక్కువ దొరుకుతాయి. నాలుగైదు తెచ్చి, అంచులు రాయించి, వేడి గిన్నెల కింద పెట్టుకుంటున్నాం.

సామాను లారీ పార్సిల్‌లో వేశాం. ఒక జాడీ మూత పగిలి వచ్చింది. పార్సిల్ ఆఫీసువాళ్ళు మాకు సంబంధం లేదన్నారు. మూత లేని జాడీ వీధి గుమ్మం దగ్గర గొడుగులకి సరిపోయింది.

ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టగానే న్యూజెర్సీలో ఉన్న తమ్ముడు, పిన్ని కొడుకు, నాకొక చెక్కుడు తలుపు పంపించండి అని మెసేజ్ పెట్టాడు. అది కుదిరే పని కాదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన ఇలాంటి చెక్కడాలు, విగ్రహాలు, కళాఖండాలు మామూలు మనుషులు దేశం దాటించకూడదు. అమ్మేవాళ్ళకి కూడా లైసెన్సు ఉండాలి. దేవుడి విగ్రహం ఎవరైనా చవగ్గా ఇస్తామంటే అసలు ఆ కొట్లోంచే బయటికి వచ్చెయ్యండి. తమ్ముడికి ఆత్తంగుడిలో మా కళ్ళముందు పోసిన రకం కొత్త టైల్స్ కొని, మా మరిది వెళ్తుంటే సూట్‌కేసులో పంపాం. వాడు వాటిని చెక్క ఫ్రేములో కూర్చి సోఫా వెనక గోడకి తగిలించుకున్నాడు. వీడియో కాల్‌లో చూసి పిన్ని, "నేల మీద వేసుకునేది గోడకెక్కించావేంట్రా" అంది. అద్దె ఇల్లు, నేల తవ్వితే డిపాజిట్ పోతుందమ్మా అన్నాడు వాడు.