జపాన్ విడిచి వెళ్ళేవారికి పింఛను సొమ్ము వాపసు

జపాన్‌లో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి వెళ్ళిపోయేవారిలో కొందరు, నెలనెలా జీతంలో కోతపడిన పింఛను చందా ఇక చేతికి రాదనుకుని వదిలేస్తారు. అది వారి కష్టార్జితం కనుక ఈ వివరాలు రాస్తున్నాను. జపాన్ పౌరసత్వం లేకుండా కనీసం 6 నెలలు చందా కట్టినవారు, అక్కడి నివాస నమోదు రద్దయిన తరువాత 2 ఏళ్ళలోపు జపాన్ పింఛను సంస్థకు దరఖాస్తు చేసుకుంటే ఏకమొత్తంగా కొంత సొమ్ము ఇస్తారు. లెక్కలోకి తీసుకునే గరిష్ఠ కాలాన్ని 2021 ఏప్రిల్‌లో 36 నెలల నుంచి 60 నెలలకు పెంచారు.

ఉద్యోగుల పింఛనుకు సంబంధించిన ఈ మొత్తంలోంచి 20.42 శాతం ఆదాయపు పన్నుగా పట్టుకుంటారు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు గాని, జపాన్‌లో నివసించే నమ్మకస్తులెవరినైనా పన్ను ప్రతినిధిగా నియమించి, ఆ సంగతి బయలుదేరకముందే పన్ను కార్యాలయానికి తెలియజేస్తే, వారి ద్వారా ఈ పన్నును కూడా తిరిగి కోరవచ్చు. సొమ్ముతో పాటు పోస్టులో వచ్చే చెల్లింపు నోటీసు ఇందుకు ఆధారం కాబట్టి, ఆ కాగితాన్ని పాస్‌పోర్టంత భద్రంగా దాచాలి.

అయితే తొందరపడకూడదని నా అభిప్రాయం. ఏకమొత్తం తీసుకుంటే అప్పటివరకు చందా కట్టిన కాలమంతా రద్దవుతుంది. 2016 అక్టోబరులో అమలులోకి వచ్చిన భారత్–జపాన్ సామాజిక భద్రత ఒప్పందం కింద పింఛను అర్హత కోసం రెండు దేశాల సర్వీసును కలిపి చూపించుకునే అవకాశం ఆ కాలానికి ఉండదు. మళ్ళీ జపాన్ వెళ్ళే ఆలోచన ఉన్నవారు ముందుగా ఈ లెక్క వేసుకోవాలి.