అడిగినవాళ్ళకు జవాబు

ఈరోజు మధ్యాహ్నం స్టాఫ్‌రూములో క్యారియర్ విప్పుతుంటే తెలుగు సార్ అడిగారు. "మేడమ్, ఏమనుకోవద్దు. మీ బైబిల్లో ఏ పుస్తకాలు ఉండాలో ఒక రోమ్ చక్రవర్తి సభ పెట్టి, ఓట్లేయించి తేల్చినాడంట కదా? నిన్న వీడియోలో చూసినా."

ఎగతాళికి అడగలేదు, ఆయనకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఈమధ్య నేను చదువుతున్నది కూడా ఇదే కాబట్టి ప్రాణం లేచొచ్చింది. కాన్‌స్టాంటైన్ 325లో నైసియాలో సభ పిలిపించిన మాట నిజమే. కానీ అక్కడ అసలు గొడవ ఏరియస్ అనే పాదిరి బోధ గురించి. క్రీస్తు తండ్రితో సమానుడా, లేక తండ్రి సృష్టించినవాడా అని. ఆ సభ చేసిన 20 తీర్మానాల్లో బైబిలు పుస్తకాల పట్టికే లేదు. ఇప్పుడున్న కొత్త నిబంధన 27 పుస్తకాలూ సరిగ్గా అవే ఒకచోట కనిపించేది 367లో, అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ రాసిన ఉత్తరంలో. నాలుగు సువార్తలు, తొలినాటి బోధకుడు పౌలు రాసిన పత్రికలు (అంటే ఉత్తరాలు) అంతకు చాలా ముందునుంచే సంఘాల్లో చదివేవాళ్ళు. హెబ్రీ పత్రిక, ప్రకటన లాంటి కొన్నిటి మీద మాత్రం చాలాకాలం వాదన నడిచింది. అదీ చెప్పాను. నేను దాస్తే రేపు ఇంకో వీడియోలో ఆయనే చూస్తారు.

"అట్లయితే ఓట్లతో కాదు, వాడుకలో నిలబడినవే నిలబడినాయి" అన్నారు సార్, పెరుగన్నం కలుపుకుంటూ.

మా సంఘాల్లో పిల్లలకు కంఠత వాక్యాలు బాగా నేర్పిస్తాం. పోటీలు పెట్టి ప్రైజులిస్తాం. బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో హాస్టల్లో పక్కమంచం పిల్ల "నువ్వెందుకు నమ్ముతావు?" అని అడిగితే ఏం చెప్పాలో మాత్రం నేర్పించం. అప్పుడు వీళ్ళు కొట్లాటకన్నా దిగుతారు, నోరన్నా మూసుకుంటారు. రెండూ చూస్తే నాకు బాధేస్తుంది. అడిగినవాళ్ళకు జవాబు చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండమన్న యేసు శిష్యుడు పేతురు, అది సాత్వికంతో చెప్పమని కూడా రాశాడు.

సాయంత్రం ఎర్రముక్కపల్లిలో మా ఇంట్లోనే యూత్ మీటింగ్. ఒకబ్బాయి ఫోన్లో ఫార్వర్డ్ చూపించాడు, బైబిల్లో యెహోషువ కాలంలో సూర్యుడు ఆగిపోయాడన్న రోజును నాసా కంప్యూటర్ కనిపెట్టిందని. అది కట్టుకథ, డిలీట్ చేయమన్నాను. దేవుడి తరఫున అబద్ధాలాడతారా అని బైబిల్లో కష్టాలపాలైన యోబు తన స్నేహితులను నిలదీశాడు కదా. అదే అబ్బాయి, వేరేవాళ్ళ దేవుళ్ళలో తప్పులు ఎత్తిచూపిస్తే సరిపోతుంది కదక్కా అన్నాడు. దానికి గట్టిగానే వద్దన్నాను. ఏథెన్సులో విగ్రహాలు చూసి పౌలు మనసు మండిపోయింది, అయినా సభలో నిలబడి వాళ్ళ కవుల మాటలే ఎత్తుకుని మాట్లాడాడు. కొందరు నవ్వారు, కొందరు మళ్ళీ వింటామన్నారు, కొందరు నమ్మారు.

ఇది తెల్లోళ్ళు తెచ్చిన మతం అంటే ఏమనాలి అని ఇంకొకరు. కడపకు లండన్ మిషన్ అనే మిషనరీ సంస్థ వాళ్ళు 1822లో వచ్చిన మాట, అది కంపెనీ పాలన కాలమన్న మాట ఒప్పుకుని మొదలుపెట్టమన్నాను. ఆ తర్వాత కేరళలోని కొల్లంలో తరిసాపల్లి అనే చర్చి రాగిరేకుల గురించి చెప్పొచ్చు. అక్కడి క్రైస్తవ సంఘానికి 849లోనే దానశాసనం రాసిచ్చారు.

అందరూ లేచాక బీటెక్ చదివే అమ్మాయి ఒక్కతే ఆగింది. రూమ్మేట్ వాళ్ళమ్మ కేన్సర్‌తో పోయిందట. "మీ దేవుడుంటే ఎందుకిట్ల చేసినాడని అడిగింది, ఏం చెప్పమంటావక్కా?" అంది. నోట్సులో బాధ గురించి నేను రాసుకున్నది నాలుగు పేజీలుంది. అందులో ఒక్క ముక్క కూడా ఇవ్వలేదు. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు, నోరు తెరిచాకే తప్పుదారి పట్టారు. వాదన సంగతి తర్వాత, ముందు ఆ పిల్ల దగ్గరికి పో అన్నాను.

శనివారం ప్రొద్దుటూరు బస్సెక్కి వాళ్ళింటికి పోతానంది. నేనూ వస్తానన్నాను.