ఈత వచ్చు కదా అనుకున్నా

తెనాలి దగ్గర మా ఊళ్లో మామయ్య నా నడుముకి బెండ్లు కట్టి కాలవలోకి తోసేశాడు. నాకు ఈత వచ్చింది అలా. ఆ ధైర్యంతోనే 39 ఏళ్ల వయసులో, బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, స్ప్రింట్ ట్రయాథ్లాన్‌కి డబ్బు కట్టేశాను. 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు, ఒకదాని వెంట ఒకటి. ఈత వచ్చు కాబట్టి మూడో వంతు పని అయిపోయినట్టే అనుకున్నా.

మొదటి రోజే పూల్ దగ్గర ఆ లెక్క తేలిపోయింది. మా కోచ్‌ది హిందూపురం. నా ఈత కాసేపు చూసి, "ఏం మేడం, మీ కాలవలో మొసళ్లున్నాయా? తల ఎత్తి అటూ ఇటూ చూస్తున్నారు!" అన్నాడు. తల ఎత్తితే నడుము కిందికి దిగుతుందట, కాళ్లు బరువవుతాయట. మొహం నీళ్లలో ఉంచి పక్కకి తిరిగి ఊపిరి తీసుకోవడం అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది. కొత్తగా నేర్చుకునేవాళ్లే నయం, నేను పాతది మరిచిపోవాలి కూడా.

ఆ రోజుల్లోనే షీలా టోర్మీనా గురించి చదివాను. అమెరికా ఈతగత్తె. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 4×200 మీటర్ల ఫ్రీస్టైల్ రిలేలో స్వర్ణం గెలిచిన జట్టు మనిషి. తర్వాత ట్రయాథ్లాన్‌కి మారి 2000లో సిడ్నీలో ఆరో స్థానంలో నిలిచింది, 2004లో ప్రపంచ ఛాంపియన్ అయింది. అక్కడితో ఆగిందా అంటే లేదు. 2008లో బీజింగ్‌లో మోడరన్ పెంటాథ్లాన్‌లో దిగింది. అప్పట్లో అందులో కత్తి తిప్పాలి, తుపాకీ పేల్చాలి, గుర్రం ఎక్కాలి, ఈదాలి, పరిగెత్తాలి. అప్పటికి ఆమెకీ 39 ఏళ్లే! ఒలింపిక్ స్వర్ణం ఉన్న మనిషి మళ్లీ ఓనమాలు దిద్దుతుంటే నాకు గేర్లు మార్చడం నేర్చుకోవడానికి నామోషీ ఏమిటి?

నామోషీ సంగతి పక్కన పెడితే, నొప్పి మాత్రం నిజం. ఆదివారం తెల్లవారుజామున నంది హిల్స్ రోడ్డు మీద సైకిల్ తొక్కి, దిగగానే పరుగు. దీన్ని బ్రిక్ అంటారు. పేరు సరిగ్గానే పెట్టారు, కాళ్లకి ఇటుకలు కట్టినట్టే ఉంటుంది. మొదటి కిలోమీటరు కాళ్లు నావి కావు.

రేసు రోజు 19 నిమిషాల్లో నీళ్లలోంచి బయటికొచ్చాను. టెన్షన్‌లో హెల్మెట్ బకిల్ పెట్టుకోకుండానే సైకిల్ పట్టుకుని కదిలాను. రూలు ప్రకారం ముందు బకిల్, తర్వాతే సైకిల్. అక్కడున్నాయన ఆపి పెట్టించాడు. గడియారం మాత్రం ఆగదు కదా. పరుగు సగం నడకే.

మొత్తం రెండు గంటల ఆరు నిమిషాలు. ఇంటికి రాగానే మావాడు అడిగాడు, "ఎంతమందిని దాటావమ్మా?"

"నీళ్లలో పదకొండు మందిని."

"మరి రోడ్డు మీద?"

"ఆ పదకొండు మందీ నన్ను దాటారు. ఇంకొంతమందిని వెంటబెట్టుకుని మరీ."