హార్డ్ డిస్క్‌లో దొరికిన 1936

నిన్న పాత హార్డ్ డిస్క్ సర్దుతుంటే ఎప్పుడో దాచి మర్చిపోయిన ఫోల్డర్ ఒకటి బయటపడింది. కోలిష్ క్వార్టెట్ అనే నలుగురి బృందం వాయించిన, పాశ్చాత్య సంగీతంలో పాత శ్రుతి కట్టుబాట్లు వదిలేసిన ఆస్ట్రియా స్వరకర్త షోన్‌బెర్గ్ నాలుగు స్ట్రింగ్ క్వార్టెట్లు (రెండు వయొలిన్లు, వియోలా, చెల్లో కలిసి వాయించే కృతులు)! రికార్డింగు 1936 డిసెంబరు చివర మొదలుపెట్టి 1937 జనవరిలో ముగించారు. అదీ హాలీవుడ్‌లో, ఒక సినిమా స్టూడియోలో. ఏర్పాట్లు చూసింది సినిమా సంగీత దర్శకుడు ఆల్ఫ్రెడ్ న్యూమన్, షోన్‌బెర్గ్ శిష్యుడే. బజారులో అమ్మకానికి కాదు, తెలిసినవాళ్ళ కోసం కొన్ని రికార్డు సెట్లే వేశారు.

మొదటిసారి విన్నప్పుడు పది నిమిషాలకే ఆపేశాను, తలనొప్పి వచ్చి. ఈసారి రెండో క్వార్టెట్‌తో మొదలుపెట్టా. నాలుగు వాయిద్యాలే అనుకుని వింటుంటే మూడో భాగంలో ఉన్నట్టుండి ఆడగొంతు! వెనక రికార్డు చిటపటలు. ఒళ్ళు జలదరించింది.

బృందం నాయకుడు, మొదటి వయొలిన్ వాయించే కోలిష్‌కి చిన్నప్పుడు ఎడమచేతి వేలికి దెబ్బ తగిలిందట. అందుకని వయొలిన్ కుడిచేత్తో, కమాను ఎడమచేత్తో పట్టి వాయించేవాడు. ఈ బృందం కచేరీల్లో కాగితాలు చూడకుండా కంఠతా వాయించడానికి పేరుపడింది. ఈ సంగీతాన్ని కంఠతా ఎలా పట్టారో నా ఊహకు అందదు!

నాలుగోది మాత్రం ఇంకా కొరుకుడు పడలేదు. రాత్రి మళ్ళీ పెడితే మా ఆవిడ వంటింట్లోంచి, "వాళ్ళింకా శ్రుతి చేసుకుంటూనే ఉన్నారా?" అంది.